లోపలి మడత

"అర అంగుళం. మళ్ళీ అర అంగుళం. ఆ పై వారం ఇంకో అర అంగుళం."

అత్త నోటుపుస్తకంలో పేజీలు తిప్పుతోంది. తిప్పడం కాదు, ఒక్కో పేజీకీ చెంపదెబ్బ కొడుతోంది.

"పద్నాలుగు వారాలు. ఇదేం పుస్తకమే సూదీ?"

సూది కుట్టుమిషను మీద రెండు చేతులూ పెట్టుకొని, పాదం కింద ఇరుక్కున్న గుడ్డలా కూర్చుంది. పుట్టినప్పుడు మరీ సన్నగా ఉందని నాన్న పెట్టిన ముద్దుపేరు అది. పదిహేడేళ్ళొచ్చేసరికి మాటల్లో కూడా ఆ పేరుకు న్యాయం చేస్తూ వచ్చింది. ఈ మధ్యాహ్నం మాత్రం ఆ సూదికి మొన లేదు.

కింది గది దర్జీ దుకాణం, పైగది ఇల్లు. దుకాణంలో కత్తెర వీధంతా మాస్టారని పిలిచే సూది నాన్నది, ఇస్త్రీపెట్టె ఆయన అక్కది, అంటే అత్తది. ముప్పై ఏళ్ళుగా అదే ఏర్పాటు. తమ్ముడి చొక్కాలు మాత్రం ఈ మధ్య సూదే ఇస్త్రీ చేస్తోంది. ఇవాళ ఒకటి అత్త చేతిలో పడింది, పక్క కుట్టు దగ్గర పెట్టె తడబడింది. అత్త ఇస్త్రీపెట్టె తడబడడమంటే చిన్న సంగతి కాదు. ఆవిడ నడిచే బస్సులో నిలబడి కూడా ముడత లేకుండా ఇస్త్రీ చేయగలదని వీధిలో చెప్పుకుంటారు. బస్సులో ఇస్త్రీపెట్టె ఎందుకని ఎవరూ అడగరు. అడిగితే ఆవిడ చెవిన పడుతుందని భయం.

చొక్కా తిరగేసి చూసింది. పక్క కుట్టు లోపల గుడ్డ పుస్తకం అట్టంత మందాన మడత పడి ఉంది. నాలుగు చొక్కాలూ అంతే. ఆ తర్వాత మిషను సొరుగు లాగింది. పుస్తకం దొరికింది.

"మనిషి వారం వారం కరిగిపోతున్నాడు. కరిగిన మేరకు నువ్వు చొక్కా బిగిస్తూ వస్తున్నావు. వాడు అద్దంలో చూసుకొని, 'నాకేం తగ్గింది డాక్టరుగారూ, చొక్కా అతికినట్టు సరిపోతోంది, నేను రాను' అని పొద్దున ఫోనులో అన్నాడు. నీ ముందేగా?"

"నా ముందే."

"నువ్వేమో గుటకలు మింగుతూ నిలబడ్డావు."

మాస్టారి రక్తంలో జబ్బు ఉందని తెలిసి నాలుగు నెలలైంది. మొదటి విడత మందు ఎక్కించారు. రెండో విడత రేపు తొమ్మిదింటికి మొదలవ్వాలి. ఆసుపత్రిలో బెడ్డు పట్టి ఉంచారు. సాయంత్రం అయిదు లోపల వస్తున్నామని చెప్పకపోతే అది వరసలో ఉన్న ఇంకొకరికి పోతుంది. మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందో డాక్టరుకే తెలియదు. ఆలస్యమైతే మందు పనిచేస్తుందో లేదో కూడా ఆయనకే తెలియదు.

గోడ గడియారం మూడుంబావు చూపిస్తోంది.

"భయపడతారని చేశాను అత్తా," అంది సూది. "మొదటి వారం చొక్కా భుజం మీంచి జారుతుంటే నాన్న అద్దం ముందు నిలబడిపోయారు. చాలాసేపు. ఆ మొహం మళ్ళీ చూడలేననుకున్నాను."

"అందుకని కళ్ళకు గంతలు కుడతావా? అదీ నాలుగు చొక్కాలకూ?"

"నువ్వు మాత్రం? రోజూ మెట్లెక్కి వెళ్ళి 'ఇవాళ కళగా ఉన్నావురా తమ్ముడూ' అనవా?"

అత్త పుస్తకం మూసింది.

మూలన కిటికీ దగ్గర అమ్మ ఎవరిదో చొక్కాకు కాజాలు కుడుతోంది. పొద్దుట్నుంచీ ఆవిడ ఒక్క మాటా మాట్లాడలేదు. ఇప్పుడూ తలెత్తలేదు. ఒక్క కాజానే కుట్టి, విప్పి, మళ్ళీ కుడుతోంది.

"రేపటి బెడ్డు పోతే మన గతేంటి?" అంది అత్త. గొంతులో కరుకుదనం పోయింది. "వెళ్ళి నేను చెప్పేస్తాను. పిల్ల చేసిన పని ఇదిరా, నువ్వు ఇంత తగ్గావురా అని."

"నువ్వొద్దు. నేను కుట్టాను, నేనే చెప్తాను."

"ఏమని చెప్తావు?"



గుమ్మంలో ఎవరో దగ్గారు. గొడుగమ్మాయి. పక్క దుకాణంలో గొడుగులు బాగుచేస్తారు. ఆ ఇంటి పిల్ల, సూదికన్నా రెండేళ్ళు పెద్ద. మాస్టారు జబ్బుపడ్డప్పట్నుంచీ రోజూ నాలుగింటికి వచ్చి, పైన ఆయన పక్కన పీట వేసుకొని కూర్చుంటుంది. మాస్టారికి ధైర్యం చెప్పని మనిషి ఆ వీధిలో ఆ పిల్ల ఒక్కతే. గాలికి తిరగబడ్డ గొడుగుల కబుర్లు చెబుతుంది. ఆయనకు మాట్లాడాలని లేకపోతే తనూ మాట్లాడదు, ఒక గొడుగు కమ్మి తెచ్చుకొని అక్కడే సాపు చేసుకుంటుంది.

"అంతా వినేశాను," అంది గొడుగమ్మాయి. "మీ అత్త గొంతుకి గోడ అడ్డమా?"

"చెప్పు మరి. ఏమని చెప్పను?"

"చెప్పడం సంగతి నాకు తెలీదు. మా అమ్మ మంచంలో ఉన్నప్పుడు అందరం ఏదో ఒకటి చెప్తూనే ఉన్నాం. తగ్గిపోతుంది, ఏం కాదు, నవ్వు. ఎలా ఉందమ్మా అని అడిగి, జవాబు వినేదాకా ఒక్కళ్ళమూ కూర్చోలేదు. నేనూ కూర్చోలేదు." చేతిలో కమ్మిని ఒకసారి వంచి, మళ్ళీ నిటారు చేసింది. "చొక్కా పట్టుకొని పద. నేను వెనకే ఉంటా."

*

పైగదిలో మాస్టారు కిటికీ పక్క కుర్చీలో కూర్చుని వీధిలో పోయేవాళ్ళ వీపులు చూస్తున్నారు.

మాస్టారి కన్ను గురించి వీధిలో ఒక కథ ఉంది. ఎవరో పెద్దమనిషి మలుపు తిరుగుతుంటే ఆ కిటికీలోంచే చూసి, వీపు కొలత కంటితో పట్టి, కోటు కుట్టి కొయ్యకు తగిలించారట. ఆ మనిషి మూడేళ్ళకు దుకాణంలోకి వచ్చాడు. తొడుక్కుంటే అతికినట్టు సరిపోయింది. 'అప్పటికన్నా లావయ్యానే' అని ఆయన తెల్లబోతే, 'మీ నడకలోనే తెలిసింది, మూడేళ్ళలో మూడు అంగుళాలు పెరుగుతారని' అన్నారట మాస్టారు. చెప్పినప్పుడల్లా కోటు రంగు మారేది, అంగుళాలు మారేవి. మాస్టారు మాత్రం ఏనాడూ కాదనలేదు.

అలాంటి మనిషి ఒంటిమీదే సూది పద్నాలుగు వారాలు దొంగతనం చేసింది.

"నాన్నా, నేనొక తప్పు చేశాను."

మాస్టారు వీధిలోంచి చూపు తిప్పలేదు. "ఆ చొక్కా ఇలా తే."

సూది చొక్కా అందించింది. తప్పేమిటో ఇంకా చెప్పనే లేదు.

ఆయన చొక్కా తిరగేసి ఒళ్ళో పరుచుకున్నారు. కళ్ళద్దాలు పెట్టుకోలేదు. కళ్ళు మూసుకున్నారు. చంక దగ్గర చూపుడువేలు ఆనించి నెమ్మదిగా కిందికి నడిపించారు. లోపల కుట్టు మీద కుట్టు, దున్నిన చేలో చాళ్ళలా పద్నాలుగు వరసలు పక్కపక్కనే ఉన్నాయి.

"ఇది మొదటిది. వంకరటింకరగా పోయింది. ఏడుస్తూ కుట్టావు."

"లేదు నాన్నా."

"ఇదిగో, ఇక్కడ తడిసి ముడుచుకుంది. నీళ్ళు చల్లి కుట్టే అలవాటు మన దుకాణంలో లేదే."

మెట్ల మీద అత్త అడుగుల చప్పుడు ఆగింది. ఆవిడ వెనక అమ్మ. ఇద్దరూ గుమ్మంలోనే నిలబడిపోయారు.

వేలు వరస దాటింది. ఇంకో వరస, ఇంకో వరస. ఏడో వరస నడుమ ఆగింది.

"ఇక్కడ కుట్టు ఆపేశావు. మళ్ళీ మొదలుపెట్టినప్పుడు నాలుగు కుట్లు ఒకదానిమీద ఒకటి పడ్డాయి. మధ్యలో లేచి ఎక్కడికో వెళ్ళొచ్చావు."

సూదికి గుర్తుంది. ఆ మధ్యాహ్నం ఫోను మోగింది. తను లేచి వెళ్ళి ఫోను తీసుకొని మెట్ల కింద నిలబడి విన్నది. తిరిగొచ్చి కుట్టింది. ఆ పది నిమిషాల సంగతి తనకు తప్ప లోకంలో ఎవరికీ తెలియదనుకుంది. అది ఆ గుడ్డలో ఉంది. నాన్న వేలి కింద ఉంది.

"ఆ రోజు రిపోర్టు వచ్చింది నాన్నా. మొదటి మందు సరిగా పట్టలేదని వచ్చింది."

"నాకెవరూ చెప్పలేదు."

"ఇప్పుడు చెప్తున్నాను."

మాస్టారు తలూపారు. ఎప్పుడో రావాల్సిన గుడ్డ ఇన్నాళ్ళకు చేతికందినట్టు తలూపారు. వేలు మళ్ళీ నడిచింది.

"తొమ్మిదో వరస. ఇక్కడ మిషను గంతులేసింది. నవ్వావు."

"ఆ నేరం నాది మాస్టారూ," అంది గొడుగమ్మాయి పీట లాక్కుంటూ. "ఒకాయన గొడుగు పిడి ఒక్కటే తెచ్చి, గొడుగు బాగుచెయ్యమన్నాడు. గుడ్డ, కర్ర, కమ్ములు ఏవండీ అంటే, అవి గాలికి ముందే వెళ్ళిపోయాయి, నేను వెనకొచ్చాను అన్నాడు. అది చెప్పా దీనికి."

మాస్టారు నవ్వారు. నవ్వితే దగ్గు వచ్చింది. గొడుగమ్మాయి నీళ్ళ గ్లాసు ఆయన చేతికి కాకుండా, చెయ్యి అందేచోట కిటికీ గట్టు మీద పెట్టింది.

"పన్నెండు నుంచి..." వేలు ఆ వరస మొత్తం కిందిదాకా పోయి, మళ్ళీ పైకి వచ్చి, మళ్ళీ కిందికి పోయింది. "పన్నెండు నుంచి ఇది నా కుట్టు."

"అన్నీ నేనే కుట్టాను నాన్నా."

"నువ్వే కుట్టావు. కాని నా కుట్టు. ఈ నిటారుతనం రావడానికి నాకు ఆరేళ్ళు పట్టింది. చంక దగ్గర మాత్రం వదిలేశావు, అక్కడ ఉబ్బింది. కాలరు గుండీ జరపడం మంచి ఆలోచన."

సూది కుర్చీ దగ్గరికి వచ్చింది. "అయితే నీకు ముందే తెలుసా?"

"ఒంటిమీద చొక్కా సంగతి దర్జీకి తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? పక్కటెముకలకు గుచ్చుకుంటుంటే వారానికొక వరస చొప్పున లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. ఒక్కటే అర్థం కాలేదు." మందంగా ఉన్న మడతను రెండు వేళ్ళతో నొక్కారు. "మిగులు గుడ్డ కత్తిరించలేదేం? పాత కుట్లు విప్పలేదేం? అడ్డదిడ్డంగా ఇంత మందాన మోయించావు నాచేత."

సూది నేల చూసింది.

"మళ్ళీ నువ్వు ఒళ్ళు చేసినప్పుడు వారానికొక వరస విప్పుకుంటూ రావచ్చని."

వీధిలో ఏదో బండి వెళ్ళిపోయింది. దాని చప్పుడు మలుపు దాకా వినిపించింది.

ముందు తట్టుకోలేకపోయింది అత్తే. "అన్నీ తెలిసినవాడివి, ఆసుపత్రికి రానని ఎందుకన్నావురా?"

"మీరందరూ బాగున్నావు, బాగున్నావు అన్నారు. బాగున్నవాడికి ఆసుపత్రి ఎందుకక్కా?"

"ఎకసెక్కాలొద్దు."

"ఎకసెక్కం కాదు." మాస్టారు చొక్కా మడిచి ఒళ్ళో పెట్టుకున్నారు. "మీరు నా ముందు నాటకం. నేను మీ ముందు నాటకం. గుమ్మం అవతల గుసగుసలు, గుమ్మం ఇవతల నవ్వులు. జబ్బు మొయ్యడం ఒక ఎత్తు, ఇది ఇంకో ఎత్తు. ఆ మందు ఎక్కించుకొచ్చి మళ్ళీ ఈ నాటకంలోకే రావాలంటే ఓపిక లేదక్కా. అందుకన్నాను."

ఏం కాదు నాన్నా అనే మాట సూది నాలుక చివరిదాకా వచ్చింది. కిటికీ గట్టు మీద గ్లాసు చూసింది. ఆ మాటను వెనక్కి పంపేసింది.

"నాన్నా, నీకు భయంగా ఉందా?"

అత్త చప్పున సూది వైపు చూసింది. అలా అడగొచ్చని ఆ ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

మాస్టారు వెంటనే జవాబు చెప్పలేదు. సూది కూర్చుంది. తొందరపెట్టలేదు, చెయ్యి పట్టుకోలేదు, కన్నీళ్ళు తెచ్చుకోలేదు. గొడుగమ్మాయి కమ్మి సాపు చేసుకుంటోంది.

"ఉంది," అన్నారు మాస్టారు. "చాలా ఉంది. ఆ మందు ఎక్కుతున్నప్పుడు లోపల చలేస్తుంది. దుప్పటి కప్పినా పోని చలి. మొదటిసారి ఎవరికీ చెప్పలేదు."

నలభై ఏళ్ళుగా ఊళ్ళో భుజాలన్నీ సరిచేసిన మనిషి అంత చిన్న మాట అంత మెల్లగా అనడం సూది ఎప్పుడూ వినలేదు. ఆ మాటతో ఆయన తగ్గలేదు. ఏమిటో, కుర్చీలో మనిషి కొంచెం పెద్దగా కనిపించారు.

సూది మెడలో ఉన్న టేపు తీసింది.

"లేచి నిలబడగలవా? కొలత తీస్తాను."

మాస్టారి ఒంటిమీద ఇంతవరకు ఎవరూ టేపు పెట్టలేదు. తన చొక్కాలు తనే, పెళ్ళినాటి కొలత గుర్తుపెట్టుకొని కత్తిరించుకునేవారు. ఆ కొలత ముప్పై తొమ్మిది. అది ఇంటి గోడల్లాంటిదని అందరూ అనుకున్నారు.

మాస్టారు కుర్చీ చేతులు పట్టుకొని లేచారు. రెండోసారికి నిలబడగలిగారు. ఎవరూ సాయం రాలేదు, ఆయన కళ్ళతోనే వద్దన్నారు.

"పద్ధతి తెలుసుగా," అన్నారు.

పద్ధతి వీధి మొత్తానికీ తెలుసు. ఆ దుకాణంలో కొలిచేవాళ్ళు అంకె పైకి చదవాలి, రాసేవాళ్ళు దాన్ని తిరిగి పైకి చెప్పి రాయాలి. మనిషి లావైనా సన్నమైనా, గొంతు ఒకేలా ఉండాలి. తప్పు కొలత కన్నా తప్పు గొంతు కస్టమరును ఎక్కువ నొప్పిస్తుందని మాస్టారి లెక్క.

గొడుగమ్మాయి అత్త చేతిలోంచి నోటుపుస్తకం తీసుకోబోయింది. గుమ్మంలోంచి అమ్మ వచ్చి ఆ పుస్తకం అందుకుంది.

"భుజం పదిహేడున్నర," అంది సూది.

"పదిహేడున్నర," అంది అమ్మ. పొద్దుట్నుంచీ ఆవిడ నోట వచ్చిన మొదటి మాట అది.

"చెయ్యి ఇరవై మూడు."

"ఇరవై మూడు."

టేపు ఛాతీ చుట్టూ తిరిగింది. చేతుల కింద నాన్న ఎముకలు తెలుస్తున్నాయి. వాటి లోపల గుండె కొట్టుకుంటోంది, దూరంగా ఎవరో మిషను తొక్కుతున్నట్టు, ఆగకుండా. ఇంత తగ్గిన మనిషిలో అది ఏ మాత్రం తగ్గకుండా కొట్టుకుంటోంది. సూది ఆ చప్పుడు దగ్గరే ఉండిపోయింది.

"ఛాతీ..."

"గట్టిగా," అన్నారు మాస్టారు. "నువ్వు కొలత గొణిగితే చొక్కా జన్మంతా గొణుగుతుంది."

"ఛాతీ ముప్పై రెండు."

అమ్మ పెన్సిలు కాగితం మీద ఆగింది. అత్త కళ్ళు తుడుచుకోవడానికి గోడ వైపు తిరిగింది.

"ముప్పై రెండు," అంది అమ్మ. గొంతు ఒకేలా ఉంది. రాసింది.

మాస్టారు భార్య వైపు చూశారు. అంగుళాలన్నీ కొలిచిన ఆ కన్ను కొలవలేనిదేదో చూసినట్టు చూశారు.

"అక్కా," అన్నారు. "ఆసుపత్రివాళ్ళకి చెప్పు. వస్తానని."

*

దుకాణంలో బల్ల మీద నీలిగళ్ళ నూలుగుడ్డ పరిచారు. మాస్టారే ఎంచుకున్నారు, మెట్లు ఒక్కొక్కటే దిగి వచ్చి. మూడో మెట్టు మీద కూర్చుని అలుపు తీర్చుకున్నారు. సూది కూడా పక్కన కూర్చుంది.

"ఎడమ చెయ్యి మోచేతి దాకా తెరుచుకునేలా పెట్టవే," అంది గొడుగమ్మాయి. "గుండీలతో. మా అమ్మకి ప్రతిసారీ మొత్తం చొక్కా విప్పించేవాళ్ళు, ఆ గొట్టాలు పెట్టడానికి. చలికి వణికేది."

"లోపల మెత్తటి లైనింగు వేద్దాం," అంది సూది. "నాన్నకి లోపలి చలి."

"ఇంట్లో ఒక సూది చాలదని అక్కడ ఇంకో నాలుగు గుచ్చుతారు," అన్నారు మాస్టారు. అత్త ఏడుస్తూనే నవ్వింది.

సూది సుద్ద తీసుకొని ముప్పై రెండుకు గీత గీసింది. ఇక లోపల ఎంత గుడ్డ వదలాలి? పెద్దవాళ్ళకు పక్కకు అర అంగుళం చాలు. మళ్ళీ వదులు చేసే పని లేదనుకుంటే అంత కూడా అక్కర్లేదు. అంత చిన్న సంగతి అడగడం పెద్ద బరువైంది. కాని ఈ పూట అడగడమే పని.

"లోపల ఎంత వదలమంటావు నాన్నా?"

మాస్టారు గుడ్డ నిమురుతూ నిలబడ్డారు.

"ఎదిగే పిల్లలకి ఎంత వదుల్తాం?"

"పక్కకు రెండు అంగుళాలు."

"అంతే వదులు."

సూది రెండు అంగుళాల అవతల రెండో గీత గీసింది. గీత వంకర పోలేదు. అంత నిటారు గీత తను ఎలా గీసిందో తనకే తెలియదు.

ఇందాకట్నుంచీ బిజీ వస్తున్న ఆసుపత్రి నంబరు కోసం అత్త మళ్ళీ ఫోను తీసింది. ఆవిడ వేలు ఆడకముందే అది చేతిలో మోగింది. ఆసుపత్రి నుంచి. గడియారం అయిదుకు పది నిమిషాలు తక్కువ.

అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మాస్టారు చెయ్యి చాపారు.

"ఆఁ. నేనే. రోగినే మాట్లాడుతున్నాను."

నాలుగు నెలల్లో ఆ ఇంట్లో ఆ మాట పైకి అన్నవాళ్ళు లేరు. ఆకాశం విరిగిపడలేదు. అమ్మ సూదిలో దారం ఎక్కించుకుంటోంది.

మాస్టారు చాలాసేపు విన్నారు. "సరే" అని ఒక్కమాట అని ఫోను దించారు.

"రేపు కాదట. డాక్టరు రేపు ఉండరట. ఇవాళే ఏడింటికల్లా చేరమంటున్నారు. లేకపోతే వచ్చే నెలకే."

"రెండు గంటలే ఉంది," అంది అత్త. "సంచీ సర్దాలి, టాక్సీ..."

"అప్పటికి చొక్కా అవ్వదు నాన్నా," అంది సూది. "ఇంకా కత్తిరించనే లేదు."

"కత్తెర ఇలా ఇవ్వు. కోత నాది, కుట్టు నీది."

గోడకు వేలాడుతున్న ఆ కత్తెరను నాలుగు నెలలుగా ఎవరూ ముట్టలేదు. అది ఆయన చేతిలోకి వచ్చింది. చెయ్యి వణికింది. ఆ వణుకు భుజందాకా పాకడం సూదికి కనిపించింది. పట్టుకోబోయి ఆగింది. బల్లకు అటువైపు వెళ్ళి, ఆరేళ్ళప్పుడు ఆయనే నేర్పినట్టు, గుడ్డ రెండో కొస పట్టుకొని బిగువుగా లాగి నిలబడింది. కోసేవాడికి అంతకుమించి ఎవరూ చెయ్యగలిగింది లేదు.

గుడ్డ బిగిసింది. మెల్లగా, ఆయన చేతి వణుకు ఆగింది.

కత్తెర నోరు తెరిచింది. గుడ్డను ఇంకా కొరక్కుండానే మొదటి గీత దాటింది. రెండో గీత దగ్గరకొచ్చింది. అక్కడ ఆగలేదు. ఇంకో రెండు వేళ్ళ మేర గుడ్డ వదిలి, అవతలికి జరిగి నిలబడింది.

"నాన్నా, గీత ఇక్కడుంది."

"కనిపిస్తోందమ్మా," అన్నారు మాస్టారు.